గోడ అవతలి పాట

లాటరీ తగిలిందన్న కబురు మొరిహికో ఫోన్‌కు వచ్చేనాటికి, చనిపోయిన భార్య ఫుసాయెకు నలభై తొమ్మిదో రోజు కర్మ ఇంకా జరగలేదు.

గాయకుడు హయాసె అభిమాన సంఘంలో ఆమె ఎన్నో ఏళ్లుగా సభ్యురాలు. కచేరీ టికెట్లకు ముందుగా లాటరీ వేసేది సంఘంలో ఉన్నవాళ్లకే. ఆమెకు ఒక్కసారీ తగల్లేదు. చివరికి భర్తనూ చేర్పించింది.

"పాటలు వినకపోతే మానెయ్యండి. మీ పేరిచ్చారంటే చాలు. రెండు పేర్లలో ఒకటైనా తగలదా?"

వేసవిలో ఆసుపత్రి మంచం మీంచే దరఖాస్తు పెట్టింది. ఆయన పేరు మీద రెండు సీట్లు, తోడు వచ్చే మనిషిగా తన పేరు.

పటం ముందు అగరొత్తులు వెలిగించడానికి వచ్చిన కియోనోకు మొరిహికో ఆ కబురు చూపించాడు. సంఘంలో ఫుసాయెకు ఆప్తురాలు కియోనో. ఆమెకు ఈసారీ రాలేదు.

"ఫుసాయె సీటు ఉంది కదమ్మా. నువ్వు రా."

"గుమ్మం దగ్గర పేరూ ఫొటో చూస్తారు అన్నయ్యగారూ. మాస్కు పెట్టుకుని నేనే ఫుసాయెనని చెప్పమంటారా? అది పైనుంచి చెప్పు విసురుతుంది!" నవ్వబోయి కళ్లు తుడుచుకుంది. "మీరు వెళ్లండి. లోపల ఎలా ఉంటుందో చూడాలని దానికి ఎంత ఆశో. నేను మామూలుగా గోడ దగ్గరుంటాను."

టికెట్ దొరకని ప్రతి ఏడూ వాళ్లిద్దరూ హాలు వెనక నిలబడి, గోడ దాటి వచ్చే పాటలు వినేవారు. "గోడకు చెవి ఆనించడానికి ఇంత దూరం రైల్లోనా?" అని మొరిహికో వేళాకోళం చేసేవాడు.

కచేరీ రోజున ఆయన అన్నీ శ్రద్ధగా చూశాడు. వేదిక ఎంత ఎత్తుంది, జనం చేతుల్లో దీపాలు ఏ రంగువి. ఇంటికెళ్లి ఆమెకు చెప్పాలి కదా. ఆ ఆలోచన వచ్చాక, ఇక చూడలేకపోయాడు.

ఖాళీ సీటు అవతలి అమ్మాయి వంగి అడిగింది. "తాతగారూ, మీవాళ్లు ఇంకా రాలేదా?"

"ఆలస్యమవుతోందమ్మా."

అంతలో బియ్యం కడుగుతూ ఫుసాయె కూనిరాగం తీసే పాట మొదలైంది. ప్రతి మాటా స్పష్టంగా వినిపిస్తోంది. ఆమె పాడేది మాత్రం అలా ఉండేది కాదు. మాటలుండేవి కావు, ఎక్కడో దూరాన సాగుతున్నట్టు రాగం ఒక్కటే. మొరిహికో లేచాడు.

"బయటికెళ్తే మళ్లీ లోపలికి రానివ్వరండీ," అన్నాడు తలుపు దగ్గరి మనిషి.

"తెలుసు బాబూ."

గోడ దగ్గర ఆయన్ని చూసి కియోనో గుండెలు బాదుకుంది. "మతి పోయిందా మీకు! టికెట్ లేక ఇక్కడ మేం ఏడుస్తుంటే!"

"లోపల బాగానే ఉందమ్మా. దీపాలు చాలా ఉన్నాయి."

"మరి?"

"ఫుసాయె అక్కడికి ఎప్పుడూ వెళ్లలేదు కదా."

కియోనో ఫ్లాస్కులోంచి వేడి బార్లీ టీ వంపి ఇచ్చింది. ఆయన ఆమె పక్కన నిలబడబోయాడు.

"అక్కడ కాదు అన్నయ్యగారూ. అది ఫుసాయె చోటు. చలిగాలి తగలకుండా ఎప్పుడూ నన్ను ఇటు నెట్టేసేది. మీరు ఇంకాస్త అటు జరగండి."

మొరిహికో జరిగాడు. మధ్యలో ఒక మనిషి పట్టేంత చోటు మిగిలింది. చల్లటి గోడకు చెవి ఆనించాడు. మాటలు తెలియడం లేదు. రాగం ఒక్కటే, ఇంట్లో వినిపించినట్టే వస్తోంది.