పాప ఫోల్డరు

మా బావ మంచివాడే. ఆ మంచితనంతోనే కొంప ముంచాడు.

తన ఆఫీసు కంప్యూటరు తిరిగి ఇచ్చేయాల్సి వచ్చిందట. తమ పాపకు ఫిట్స్ వస్తాయన్న సంగతి పరాయివాళ్ల కంట పడకూడదని, బ్రౌజర్లో అక్క దాచుకున్న ‘పాప’ ఫోల్డరును అందులోంచి తీసేశాడు. మా వాళ్ల కంప్యూటర్లన్నీ ఒకే ఖాతా మీద నడుస్తాయని, ఒకచోట తీసేస్తే అన్నిచోట్లా పోతుందని ఆయనకు తట్టలేదు. ఏ మందు తమ బిడ్డకు పడలేదో ఇలాంటి పిల్లల తల్లులు నెట్‌లో రాసుకున్న పేజీలు అవి. అక్క నాలుగేళ్లుగా ఏరి కూర్చుకుంది. రేపు పొద్దున కొత్త డాక్టరుకు చూపించాల్సినవి అవే.

కంప్యూటర్లు బాగుచేయడం నా పని కాబట్టి అక్క ఏడుస్తూ నాకు ఫోన్ చేసింది.

"బీరువాలో నీ పాత లాప్‌టాప్ ఉంది కదా? నేనొచ్చేదాకా దాన్ని ముట్టుకోవద్దు," అన్నాను.

అది చాలాకాలంగా నెట్ మొహం చూడలేదు. ఫోల్డరు తీసేసిన సంగతి దానికింకా తెలియదు. తెలిసిందంటే అందులోంచీ పోతుంది.

వెళ్లగానే వైఫై పెట్టె ప్లగ్గు పీకేసి, లాప్‌టాప్ తెరిచాను. ఫోల్డరు ఉంది! అక్క నా భుజం గట్టిగా పట్టుకుంది. దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి దింపబోతుంటే తెర మూలన నెట్ గుర్తు వెలిగింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"నెట్ ఎక్కణ్ణుంచి వస్తోందే?" అక్క అరిచింది.

"వైఫై పోయింది కదాని నా ఫోన్‌లోంచి ఇచ్చా," అన్నాడు బావ గుమ్మంలో నిలబడి, ఎంతో సాయం చేసినట్టు. ఆ పాత లాప్‌టాప్ ఆయన ఫోన్‌ని ఇంకా మరిచిపోలేదు.

"ఆపు బావా! నీకు దండం పెడతా, ఆపు!"

నెట్ తీసేద్దామంటే తెర మీద బాణం బిగుసుకుపోయింది. కంగారులో బావకు ఫోన్ లాక్ తీయడమే రాలేదు. అక్క దాన్ని లాక్కుని చెప్పులైనా లేకుండా వీధి చివరిదాకా పరిగెత్తింది.

ఫోన్ దూరమయ్యేసరికి నెట్ గుర్తు ఆరిపోయింది. కాసేపటికి బాణం కదిలింది. ఫోల్డరు అలాగే ఉంది. వెంటనే పెన్‌డ్రైవ్‌లోకి దింపాను.

అక్క రొప్పుతూ వచ్చింది. "దక్కిందా?"

"దక్కింది."

"నాదే తప్పు," బావ గొణిగాడు.

"ఒక్కసారైనా అది తెరిచి చూశారా మీరు?" అడిగింది అక్క.

బావ లేదన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

"ఇన్నేళ్లూ ఇదంతా నేనొక్కదాన్నే మోశాను. రేపు డాక్టరు ముందు నాకు నోరు పెగలకపోతే చెప్పేదెవరు? కూర్చోండి, చదవండి," అంది అక్క.

నేను వైఫై ప్లగ్గు మళ్లీ పెట్టాను. బావ కుర్చీ లాక్కుని పెన్‌డ్రైవ్‌లోంచి మొదటి పేజీ తెరిచాడు. సగం చదివేసరికే కళ్లు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. అక్క ఆయన్ని ఆగనివ్వలేదు.