జానెడు కొమ్ము

అడవి కాపలాదారులంతా అతన్ని రంపం మామ అనేవారు. ఖడ్గమృగాలకు కొమ్ములు కోసేయడం అతని పని. వినడానికి పాపిష్ఠి పనిలా ఉంటుంది గానీ, కొమ్ము ఉంటేనే కదా దొంగలు చంపేది! మత్తుసూది వేసి, కళ్ళకు గుడ్డ కట్టి, మొదలు దగ్గర నాలుగు వేళ్ళ ఎత్తు వదిలి పైదంతా కోసేస్తారు. గోరు కత్తిరించినట్టే, మళ్ళీ పెరుగుతుంది.

ఆ రోజు పడుకోబెట్టింది పిల్లతల్లిని. నడుమెత్తు పిల్ల దాని చుట్టూ తిరుగుతూ, లేవమన్నట్టు చెవిని మూతితో పొడుస్తోంది. జాడలు తీసే అతని బావమరిది అది చూడలేకపోయాడు.

"బావా, దీనికి కాస్త ఎక్కువ వదులు. దుమ్ములగొండ్లు పిల్ల మీద పడితే ఏం పెట్టి కొడుతుంది?"

రంపం మామకు మనసు కరిగింది. ఇంట్లో కోడిని కోయడానికి కూడా పక్కింటాయన్ని పిలిచే మనిషి మరి. జానెడు వదిలేశాడు.

"ఏమయ్యా, ఇంకా కిందికి కొయ్యి," అంది మత్తుసూది వేసిన డాక్టరమ్మ.

"బ్లేడు మొద్దుబారిందమ్మా. మత్తు దిగేలా ఉంది, చాల్లెండి," అని బొంకాడు.

నెల తిరక్కుండానే దొంగలు పడ్డారు. దారిలో కొమ్ము పూర్తిగా కోసినవి రెండు కనిపించినా వాటి జోలికి పోలేదని అడుగుజాడలు చెప్పాయి. జానెడు కనబడ్డ చోట ఆగారు. తుపాకీ పేలిస్తే చప్పుడవుతుందని మత్తుసూదితో పడేసి, గొడ్డలితో వెన్ను విరగ్గొట్టి, ముక్కు నుంచి కళ్ళ దాకా చెక్కుకుపోయారు. రంపం మామ వాళ్ళు వెళ్ళేసరికి అది ఇంకా బతికే ఉంది. ముఖం ఉండాల్సిన చోట నెత్తుటి బుడగలు పొంగి పగులుతున్నాయి. పిల్ల పాలు తాగుతోంది.

పిల్లను అవతలికి లాగించి, డాక్టరమ్మ తల్లిని కాల్చేసింది. తర్వాత ఇటు తిరిగింది.

"దీనికి అంత కొమ్ము ఎలా మిగిలింది?"

"కిందికి కొయ్యి బావా అని నేను నెత్తీనోరూ కొట్టుకున్నానండీ. వింటేగా!" అన్నాడు బావమరిది.

రంపం మామకు వాడి పీక నులిమేయాలన్నంత కోపం వచ్చింది. కానీ వాడిని అని ఏం లాభం? రంపం పట్టింది తను. జాలిపడిందీ తనే. ఆ జాలే దాన్ని చంపింది.

పిల్లను అక్కడే వదిలితే దక్కదు. అనాథ పిల్లలను పెంచే దొడ్డికి తీసుకెళ్ళాలి. అక్కడా దొంగల భయమే కాబట్టి, దాని ముక్కు మీది బొటనవేలంత కొమ్మునూ తగ్గించాలి.

"కొస చెక్కితే చాలు. పసిది, మత్తు కొంచెమే ఇచ్చాను," అంది డాక్టరమ్మ.

అతను చేతిరంపం చర్మానికి ఆనించి కోయసాగాడు. నెత్తురు చిమ్మింది. పిల్ల కీచుమని అరిచింది.

"మాంసం తెగుతోంది, ఆపు!" అని డాక్టరమ్మ కేకేసింది. బావమరిది పరుగున వచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

రంపం మామ వాడిని విదిలించికొట్టాడు.

"దీనికి ఏమీ మిగలకూడదురా," అని, మోకాలితో పిల్ల మెడ అదిమిపట్టి మళ్ళీ కోశాడు.