మిద్దె మీద విన్న సినిమా

ఈయనేనా హీరో, ఇంత పొట్టివాడా, మా అత్తకు చెబితే నమ్మదు, ఆ గొంతుకు ఆరడుగుల మనిషి ఉండాలని మేమిద్దరం ఎప్పుడో తీర్మానించుకున్నాం, కోరమీసం కూడా పెట్టాం, ఈయనకేమో మీసమే లేదు, బుగ్గలు బూరెల్లా ఉన్నాయి, నవ్వు ఆగక కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను, పక్కన కూర్చున్న ఈరక్క, మా అంగడి ముందర పూలమ్మే ఈరక్క, ఏడ్సే కాడ నవ్వుతాండావేందమ్మా అనసూయమ్మా అని మోచేత్తో పొడిచింది, నిజమే, తెర మీద అత్త కొత్త కోడలిని చీల్చి చెండాడుతోంది, ఆడవాళ్లంతా ముక్కులు చీదుతున్నారు, నాకేమో ఆ తిట్లన్నీ నోటికి వచ్చు, ఈ సినిమా టూరింగు టాకీసు డేరాలోకి వచ్చినప్పటి నుంచీ రోజూ దీపాలు పెట్టగానే మా మిద్దె మీద కూర్చుని విన్నవే కదా, ఆమె నోరు తెరవకముందే తరువాతి మాట నా పెదవుల మీదికి వచ్చేస్తోంది, ఇన్నాళ్లూ చెవులతో చూసిన దాన్ని ఇప్పుడు కళ్లతో చూడడం ఎంత వింతగా ఉందో.

బెంచీ చల్లగా ఉంది, డేరా గుడ్డ కింద నుంచి చలి పాములా వచ్చి కాళ్లకు చుట్టుకుంటోంది, మధ్యలో కట్టిన పరదా అవతల మగవాళ్ల వైపు మా ఆయన ఉన్నాడు, అంగడి మూసి సినిమాకు వచ్చిన మనిషి, ఇందాక ఈరక్కే నోరు తెరిచింది, నాగసుబ్బయ్య శెట్టి టికెట్టు కొన్యాడా, ఈ పొద్దు ఆత్మకూరులో వాన పడతాదేమో అని, పాపం ఆయన పిసినారేమీ కాదు, ఊరికే వచ్చేదానికి దుడ్లెందుకు అంటాడు అంతే, చలికాలం సరదాలకు ఖర్చేంది, పండరి భజన ఊరికే, అష్టాచెమ్మకు ఒక సుద్దముక్కా నాలుగు చింతగింజలూ, చేలోంచి ఎవరో ఇచ్చిన జొన్నకంకులు కాలిస్తే ఇల్లంతా కమ్మని వాసన, పైగా గాలి తెచ్చిపెట్టే సినిమా ఒకటి, నల్లమల వైపు నుంచి చలిగాలి తోలినన్నాళ్లే డేరాలోని మాటలు మా మిద్దె మీద పడతాయి, గాలి తిరిగిందా ఎండాకాలమంతా ఒక్క ముక్క వినబడదు, అలాంటి మనిషి ఈ రోజు మధ్యాహ్నం అన్నానికి వచ్చి ఆకు పక్కన రెండు బెంచీ టికెట్లు పెట్టి, డేరా రేపు పీకేస్తాండారంట, ఒగదినమన్నా కండ్లతో సూడు అన్నాడు, మూడో టికెట్టు తెచ్చే పని లేదని ఆయనకు తెలుసు, అత్త రాదు, మామ పోయిన నాటి నుంచి ఆమె వేడుకంటూ గడప దాటలేదు, మరి మిద్దె మీద వింటావే అని ఆయన ఒకసారి ఏడిపిస్తే, గాలికొచ్చేదానికి నేనేం సేసేది, చెవులు కోసుకోనా అంది.

మామ పోయిన నాడు. నేను ఈ ఇంటికి కాపురానికి వచ్చి నెల కూడా కాలేదు, మనిషి సాయంత్రం వరకు అంగట్లో బెల్లం తూచి, రాత్రి గుండె పట్టుకుని కూలబడ్డాడు, పదిమంది ఆడవాళ్లు చుట్టూ ఉండగా అత్త నా వైపు చేయి చూపించి, ఈ పిల్ల కాలు పెట్టె, ఆయన్ను తీసకపాయె అంది, ఒక్కసారే అంది, ఆ తరువాత ఒక్క దురుసు మాట అనలేదు, అసలు మాటే లేదు, ఉప్పు ఉందా, ఉంది, పాలు కాగినాయా, కాగినాయి, పోయిన చలికాలం మొత్తం ఆ రెండు మాటలతో గడిచింది, నాకు ఆ చేయి చూపించడమే కళ్లలో ఉండిపోయింది, వంట చేస్తున్నా కనబడేది, నీళ్లు తోడుతున్నా కనబడేది.

ఈ చలికాలం మొదట్లో మిద్దె మీద ఎండబెట్టిన మిరపకాయలు ఎత్తడానికి ఇద్దరం పైకి పోయాం, పొద్దు గూకింది, డేరాలో పాట మొదలైంది, ఆమె గోనెసంచి పట్టుకుని నిలబడింది, నేను మిరపకాయలు ఎత్తడం మానేశాను, దిగిపోదామని ఎవరూ అనలేదు, మరునాడు మిరపకాయలు లేకపోయినా ఎక్కాం, ఆ మరునాడు ఆమె చేటలో వేయించిన వేరుశనగ బుడ్డలు పట్టుకొచ్చింది, ఒలుచుకుని తింటూ కంబళి కప్పుకుని, ఆ గొంతు ఎవరిది, సినిమాలో మామదేమో అని నేనంటే, కాదు మే, ఆ మామకు దగ్గుంటాది అని ఆమె, ఇట్లా ఒక్కొక్క గొంతుకు ముఖం, చీర, నగలు అన్నీ మేమే తగిలించాం, ఒకరోజు విలన్‌కు మెల్లకన్ను పెట్టాలని ఆమె పట్టుబడితే నేను నవ్వి నవ్వి పొలమారి దగ్గాను, ఆమె నా నెత్తి మీద తట్టింది, నన్ను తాకడం అదే మొదలు.

ఇక మిగిలింది ఆఖరి సీనులోని వాకిలి తలుపు, అదే మా తగువు, ఇంట్లోంచి వెళ్లగొట్టిన కోడలు వానలో తిరిగి వచ్చి వాకిలి ముందర అత్తా అత్తా అని పిలుస్తుంది, కిర్రుమని ఒక చప్పుడు, అంతే, తరువాత ఒక్క మాటా లేదు, వాయిద్యాలు, ఈలలు, అది వాకిలి తీసిన సప్పుడే అంటుంది అత్త, నలబై ఏండ్లుగా తీస్తాండా, నాకు తెలీదా అని, కాదత్తా, గడె పెట్టిన సప్పుడు అంటాను నేను, రోజూ ఇదే, చిన్నపిల్లల్లా వాదించుకునేవాళ్లం, ఎంతసేపుంటాదే ఆ ముసిల్ది లోపల ఒగతే, నోరు జారింది, దాన్ని మళ్లా ఎట్ల ఎత్తుకోవాల్నో తెలీక కూసోనుంటాది, పిల్ల వచ్చి పిలిస్తే తీయకుండా ఉంటాదా అనేది అత్త, నేను గెలవాలన్న ఊపులో ఒకరోజు, తీస్తే మాత్రం, అంత మాట పడినాక ఆ పిల్ల లోపలికి పోతాదా అత్తా అనేశాను, ఆమె ఒలిచిన గింజలన్నీ చేటలో నా వైపుకు తోసింది, ఈ సాయంత్రం నేను బయలుదేరుతుంటే పూలు పెట్టుకోలేదేమే అని గుర్తు చేసి, ఉన్నదున్నట్ల చెప్పు, నాకోసరం అబద్ధమాడొద్దు అంది.

వాన వచ్చేసింది తెర మీద, ఈరక్క నా చేయి పట్టుకుంది, కోడలు తడిసి వాకిలి ముందర నిలబడింది, అత్తా, ఇప్పుడు మా మిద్దె మీద అత్త కంబళి లోంచి తల బయటికి పెట్టి వింటూ ఉంటుంది, అత్తా, ముసలామె దీపం పట్టుకుని వాకిలి దగ్గరికి వచ్చింది, తీయవమ్మా తీయి అని ఎవరో అరిచారు, అత్తా, ముసలామె చేయి గడె మీదికి పోయింది, కిర్రుమంది, గడె పడింది, దీపం ఆర్పేసింది, కోడలు వానలో వెనక్కి తిరిగి పోతోంది, దాని మీద ఇంత పెద్ద అక్షరాలతో శుభం అని, ఏం శుభమో వాళ్ల ముఖం.

నేనే గెలిచాను. వీధిలో మా ఆయన పక్కన నడుస్తూ, ఎవురు గెలిచినారు అని ఆయన అడిగితే నేనే అన్నాను గర్వంగా, అంగళ్ల వీధి మలుపు దాకా ఆ గర్వం ఉంది, అక్కడ ఎవరింట్లోనో తలుపు వేసుకున్న చప్పుడైంది, మా అత్త ఏ ముసలామె గురించి అంతగా వాదించింది ఇన్నాళ్లూ, నోరు జారింది అన్నది ఎవరిని, ఎట్ల ఎత్తుకోవాల్నో తెలీక కూర్చున్నది ఎవరు, రోజూ నా పక్కనే కూర్చుని, నా ముఖం చూడకుండా, బుడ్డలు ఒలుస్తూ ఆమె నన్ను అడుగుతూనే ఉంది, నేనేమో మొండిదాన్ని, రోజూ గడె పెట్టింది, గడె పెట్టింది అని బదులు చెబుతూనే ఉన్నాను, తీసినా ఆ పిల్ల రాదని కూడా చెప్పాను, అయ్యో, ఆ మాట విని ఆమె ఎట్లా నిద్రపోయిందో, అడుగులు వాటంతటవే వేగమయ్యాయి, మెల్లగా పో, పడతావు అన్నాడాయన వెనక నుంచి.

పిట్టగోడ మీద నుంచి అత్త వంగి చూస్తోంది, ఏమైందే, తీసిందా లేదా అంది, గొంతు సన్నగా వణికింది, చలికే అనుకోమని చెప్పినట్టు కంబళి దగ్గరికి లాక్కుంది, మా ఆయన నా వైపు చూశాడు, అంతా చూసిన మనిషే, గొంతు సవరించుకుని లోపలికి పోయాడు, తీసిందత్తా, నువ్వు చెప్పినట్లే, అన్నాను తల పైకెత్తి, పిలిస్తానే తీసింది, ఆ పిల్ల లోపలికి వచ్చింది, అత్త కొంగుతో ముఖం తుడుచుకుని, చలిగా ఉండాది, ఆడనే నిలబడినావేందే, పైకి రా అంది, ఈ ఇంటికి వచ్చి ఏడాది దాటింది గానీ నేను నిజంగా వచ్చింది ఇప్పుడే అనుకుంటూ మెట్లెక్కాను.