మూడు రిజిస్టర్ల మనిషి

మంటలు ఆరినా రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీ కిటికీల్లోంచి పొగ ఇంకా వస్తూనే ఉంది. ఆవరణలో నిలబెట్టిన పనివాళ్ళను ఫైర్ ఆఫీసరు రెండుసార్లు లెక్కపెట్టాడు. యాభై ఒక్కరు. మేనేజరు చేతిలోని చీటీలోనూ యాభై ఒకటే ఉంది. అందరూ బయటపడ్డారన్నాడు మేనేజరు, తానే ఒక్కొక్కరినీ భుజాన మోసుకొచ్చినంత గొప్పగా.

ఆ చీటీ రాసిన గుమాస్తాకు మాత్రం కాలు ఒక్కచోట నిలవడం లేదు. ఆమె ఆడపడుచు కనబడటం లేదు. కుదురు లేని పిల్ల కాబట్టి అందరూ బొంగరం అంటారు. కటింగువాళ్ళను అడిగితే కుట్టువాళ్ళతో ఉందేమో అన్నారు. కుట్టువాళ్ళు ప్యాకింగు వైపు చెయ్యి చూపించారు. ప్యాకింగువాళ్ళు తిరిగి కటింగువాళ్ళనే అడగమన్నారు.

"ఈ జనంలోనే ఎక్కడో ఉంటుందమ్మా," అన్నాడు మేనేజరు. "లెక్క సరిపోయిందిగా. మీరు వేసిందే."

నిజమే, తను వేసిందే. ఒక్కో విభాగానికి ఒక్కో రిజిస్టరు. రెండుచోట్ల పనిచేసేవాళ్ళు రెండింటిలోనూ సంతకం పెడతారు. అందుకని ఆమె రోజూ మూడు మొత్తాలూ కూడి, రిజిస్టర్లను రెండేసి చొప్పున పక్కపక్కన పెట్టి, రెంటిలోనూ ఉన్న ప్రతి పేరుకీ ఒకటి తీసేస్తుంది. ఆ కిటుకు తనే కనిపెట్టానని తెగ మురిసిపోయింది కూడా. నిన్నటిదాకా మూడింటిలోనూ సంతకం పెట్టినవాళ్ళు లేరు. ఇవాళ ప్యాకింగులో మనుషులు చాలక, అప్పటికే కటింగులోనూ కుట్టులోనూ సంతకం పెట్టిన బొంగరాన్ని అక్కడికీ పంపింది ఆమే.

బట్టల మీద గీతలు గీసే సుద్ద తీసి సిమెంటు నేల మీద రిజిస్టరుకొకటి చొప్పున, ఒకదాని మీదికొకటి వచ్చేలా మూడు వృత్తాలు గీసింది. మూడూ కలిసే నడిమి గడిలో ముందు బొంగరానికి ఒకటి వేసింది. సరిగ్గా రెండేసి చోట్ల ఉన్నవాళ్ళు అయిదు, నాలుగు, రెండు. ఒక్కచోటే ఉన్నవాళ్ళు పన్నెండు, ఇరవై, ఎనిమిది. అన్నీ కూడితే యాభై రెండు.

వాహనం ఎక్కబోతున్న ఆఫీసరు చొక్కా పట్టుకుని ఆపింది.

"మూడు రిజిస్టర్లలో ఉందని మూడుసార్లు కలిపాను. మూడు జతల్లోనూ దొరికిందని మూడుసార్లు తీసేశాను. ఆ చీటీలో మా పిల్ల అసలు లేదండీ."

ఆయన నడిమి గడి వంక ఒక్క క్షణం చూశాడు. చివరిసారి ఎక్కడ ఉందని అడిగాడు. ప్యాకింగువాళ్ళ అట్టపెట్టెల గదిలో అని చెప్పిందామె. ఆయన మాస్కు తగిలించుకుని, ఇద్దరిని వెంటేసుకుని లోపలికి పరుగెత్తాడు.

ఆమె కూర్చుంది, లేచింది, మళ్ళీ కూర్చుంది. మేనేజరు చీటీని మడిచి జేబులో దాచుకున్నాడు.

చాలాసేపటికి పిల్లను మోసుకొచ్చారు. ముఖమంతా మసి, విడవని దగ్గు. వదినను చూసి చెయ్యి చాపింది.

"బిగుసుకుపోయిన తలుపు కొట్టి కొట్టి చేతులు వాచిపోయాయి. నేను లేనని ఎవరికీ అనిపించలేదా వదినా?"

"నాకు అనిపించింది," అంది ఆమె. "కానీ చాలాసేపు నా చీటీనే నమ్మానమ్మా."

ఆ వాచిన చేతుల్లో ముఖం పెట్టుకుని భోరుమంది.