డూబెక్ గారి పిర్రలు

డెబ్బై రెండులో అమెరికాలోని మిల్వాకీ నగరం దక్షిణ పేటల్లో ముడ్డి బొమ్మలు గీయడంలో నన్ను మించినవాడు లేడని నా గట్టి నమ్మకం. నా కామిక్‌లలో మాటలుండేవి కావు. గొప్ప కళకు మాటలెందుకని అందరికీ చెప్పేవాణ్ణి. అసలు సంగతేమిటంటే నాకు రాయడం రాదు.

కౌన్సిలర్ డూబెక్ మా పేట ఈతకొలను మూయించి, ఆ స్థలం బావమరిదికి కట్టబెట్టబోతున్నాడని తెలిసింది. రోజూ గంటసేపు ఆ నీళ్లలో ఉంటేనే మా అమ్మ మోకాళ్లు మెట్లెక్కనిస్తాయి. ఏప్రిల్ ఎన్నికల్లో వాడు ఓడితేనే కొలను నిలుస్తుంది. లోకాన్ని ఎలాగూ నేనే ఉద్ధరించాలి కదా, ఎనిమిది పేజీల కామిక్ గీశాను. అమ్మకు ముడ్డి బొమ్మలు చూపించే ధైర్యం లేక ఆ మాటే ఎత్తలేదు.

మొదటి పేజీలో డూబెక్ కుర్చీలో ఉంటాడు. తర్వాత కొలను నీళ్లన్నీ గటగటా తాగేస్తాడు. జనం తిరగబడి, ప్యాంటు ఊడగొట్టి, పిర్రల మీద తంతారు. చివరికి బట్టల్లేకుండా చెత్తకుప్పలో పడతాడు, కుక్క వచ్చి కాలెత్తుతుంది. ఆ కుక్కను గీయడానికి నాకు మూడు రోజులు పట్టింది.

అచ్చయిన కాగితాలను స్నేహితులం కలిసి, మా జట్టులోని మర్లీన్ వంటింటి బల్ల చుట్టూ ఎనిమిది కుప్పలుగా పేర్చాం. చుట్టూ నడుస్తూ ఒక్కో కుప్ప నుంచి ఒక్కో కాగితం తీసి, అట్ట పెట్టి, స్టేపిల్ కొట్టాలి. బీరు తాగుతూ, పాడుతూ అందరం తిరగాల్సిన వైపు కాకుండా ఎదురు దిక్కున తిరిగాం. వెయ్యి కాపీలు. నేను అట్ట మీద నా పేరు తప్ప ఏమీ చూసుకోలేదు.

వారం తర్వాత మర్లీన్ బార్‌లో నా ముందు ఒక కాపీ విసిరింది.

"నార్బర్ట్, లోపల చూశావా? కథంతా వెనక నుంచి ముందుకొచ్చింది! చెత్తలో ఉన్నవాడికి కుక్క స్నానం చేయిస్తోంది, జనం కాళ్లతో పైకి లేపుతున్నారు, వాడు నోట్లోంచి నీళ్లు పోసి కొలను నింపి కుర్చీ ఎక్కుతున్నాడు! డూబెక్ మనుషులు కట్టలు కట్టలు పట్టుకెళ్లి పంచుతున్నారు."

నేను పేజీలు తిప్పి చూశాను.

"ఎన్నికలకు ఇంకా పది రోజులుంది. వెనక నుంచి చదవమని చీటీలు పంచుదాం," అంది.

నా జేబులో వారపత్రిక కత్తిరింపు ఉంది. 'బూతులోంచి కరుణను పిండిన మేధావి' అని ఈ పుస్తకం చూసి నా గురించి రాశారు. పుట్టి బుద్ధెరిగాక నన్నెవరూ మేధావి అనలేదు.

"చూద్దాంలే," అన్నాను.

"ఏం చూస్తావ్? మీ అమ్మ మోకాళ్లా?"

"కళను విప్పి చెప్పకూడదు, మర్లీన్."

సిగ్గు లేకుండా ఆ మాటే అన్నాను.

డూబెక్ తొమ్మిది ఓట్ల తేడాతో గెలిచాడు. జూన్‌లో కొలనుకు తాళం పడింది.

ఆ ఆదివారం అమ్మ ఇంటికి వెళ్లేసరికి ఆమె మెట్ల మధ్యలో కూలబడి ఉంది. లేపబోతే, ఆగమంది.

"కొలను దగ్గర నీ పుస్తకం పంచారురా. మూసేస్తాడని అందరూ అంటున్నా, నువ్వు గీశాక నేను నమ్మలేదు. మా ఈతవాళ్లం పన్నెండు మందిమి కలిసెళ్లి వాడికే ఓటు వేశాం. మా అబ్బాయి ఊరికే గీయడని చెప్పి నేనే తీసుకెళ్లా."

అమ్మ నా చెయ్యి నిమిరింది.

"బాధపడకు నాన్నా. మంచివాడనుకున్నావు. నిన్నూ మోసం చేశాడు."

"అవునమ్మా," అన్నాను.