మూత మీద రాసిన పేరు

ఇరవై ఏళ్లుగా ఆ ఆసుపత్రి ల్యాబ్‌లో అగర్ కాచేది నేనే. పొడిని నీళ్లలో ఉడికించి, వేడి కాస్త దిగాక గుండ్రటి ప్లేట్లలో పోస్తాను. గడ్డకట్టాక దాని మీద రోగి పుండులోని రసి పూస్తే, అందులో క్రిములుంటే మర్నాటికి మొలుస్తాయి.

కొత్తగా చేరినవాళ్లకు నేను చెప్పే మొదటి మాట ఒక్కటే. పేరు మూత మీద రాయొద్దు, ప్లేటు అడుగున రాయండి. మూతలు మారిపోతాయి. వినని వాళ్లను నోటికొచ్చినట్టు తిట్టేదాన్ని.

ఆ రోజు మా చెల్లెలి శాంపిల్ వచ్చింది. ఆపరేషనై నాలుగు రోజులైనా జ్వరం వస్తూ పోతూ ఉంది. రిపోర్టు బాగుంటే మందు ఆపి ఇంటికి పంపేస్తామన్నారు. కంగారులో దాని పేరూ, దాంతోపాటే శాంపిల్ వచ్చిన పక్క మంచం ముసలావిడ పేరూ మూతల మీదే రాసేశాను. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది నా పని.

మర్నాడు పొద్దున ట్రే తీస్తుంటే మోచెయ్యి తలుపుకు తగిలి రెండు మూతలూ బల్ల మీద దొర్లాయి. గబుక్కున తీసి పెట్టేశాను. ఒక ప్లేటు నున్నగా ఉంది. రెండోదాని నిండా పచ్చటి జిగురు, ముక్కు పట్టేసే తియ్యటి వాసన. నున్నటి దాని మీద చెల్లెలి పేరు చూసి అమ్మయ్య అనుకుని రిపోర్టు పంపేశాను.

చేతులు కడుక్కుంటుంటే అప్పుడు తట్టింది. ఏ మూత ఏ ప్లేటుదో నేను చూడనే లేదు!

చెబితే ఇరవై ఏళ్ల పరువు పోతుంది. సిగ్గులేనిదాన్ని, రెండు గంటలు నోరు కుట్టేసుకుని కూర్చున్నాను. ఆ పచ్చ ప్లేటు వైపు చూడాలంటేనే భయమేసింది. చివరికి ఉండబట్టలేక పెద్ద డాక్టరమ్మ గదిలోకి వెళ్లి అంతా చెప్పేశాను. ఆవిడ వెంటనే వార్డుకి ఫోన్ చేసి మా చెల్లెలి మంచం నంబరు చెప్పింది.

"పన్నెండో మంచమా? మందు ఆపేసి ఇందాకే పంపించేశాం మేడమ్," అంది నర్సు.

అంతలో నా ఫోన్ మోగింది. చెల్లెలే.

"అక్కా, ఇంటికొచ్చేశాం! నీ రిపోర్టు చూసే పంపించారట. అంతా నీ చేతి చలవే." దాని పళ్లు టకటకలాడుతున్నాయి. "ఏమిటో గానీ ఒకటే వణుకు. రెండు దుప్పట్లు కప్పినా ఆగట్లేదు. నీరసం వల్లే కదక్కా?"

"కాదు తల్లీ, నా వల్ల," అన్నాను. "ఇంట్లోవాళ్లని తలుపు తీసి ఉంచమను. డాక్టరమ్మా నేనూ అంబులెన్సులో వస్తున్నాం."