బఠాణీ గింజంత

ఎండ.

తారు మెత్తబడే ఎండ. బూటు ఎత్తితే నేల అంటుకుని వచ్చే ఎండ…

ఆ నాలుగు రోడ్ల కూడలిలో ఆమె ట్రాఫిక్ కానిస్టేబుల్. చేయెత్తితే బళ్లు ఆగేవి. ఎండ ఆగలేదు — నుదుటి మీద గీతలు గీసింది, బుగ్గల మీద మచ్చలు పెట్టింది.

ఒకరోజు రోడ్డు దాటిస్తుంటే ఓ చిన్నపాప ఆమె వేలు పట్టుకుంది. దాటాక, “థాంక్యూ అమ్మమ్మా” అంది.

అమ్మా అని ఎవరూ పిలవకుండానే… అమ్మమ్మ.

పిల్లల కోసం ఆమె, లిఫ్టులు బాగుచేసే భర్త కలిసి తిరగని ఆసుపత్రి లేదు. చివరికి ఇద్దరూ ఆ మాటే ఎత్తడం మానేశారు.

ఇక మిగిలింది ముఖం. దాన్నైనా నిలబెట్టుకోవాలనుకుంది.

చర్మం డాక్టరమ్మ విటమిన్ ఎ క్రీము రాసిచ్చింది. పడుకునే ముందు, కడిగిన ముఖం బాగా ఆరాక, బఠాణీ గింజంతే రాయాలంది. మొదట్లో రోజు విడిచి రోజు. కళ్ల దగ్గరా పెదాల దగ్గరా వద్దంది. పగలు సన్‌స్క్రీన్ రాయకుండా ఎండలో నిలబడొద్దంది. చివరగా అడిగింది — గర్భం వచ్చే అవకాశం ఉందా, ఉంటే ఇది వాడకూడదు, అని.

ఆమె నవ్వేసింది. “ఆ ఆశ ఎప్పుడో వదిలేశాం డాక్టరుగారూ.”

ఆత్రం ఆగనిచ్చిందా? రోజూ రాసింది. గింజంత కాదు, వేలెడు. ముఖం మండింది. పొట్టు రాలింది. తోటివాళ్లు ఉల్లిపాయ అని పేరు పెట్టారు. డాక్టరమ్మ కోప్పడి కొన్నాళ్లు ఆపించింది.

తర్వాత బుద్ధిగా గింజంతే రాసింది.

నెమ్మదిగా… చాలా నెమ్మదిగా… చర్మం కుదుటపడింది. గీతలు పలచబడ్డాయి. కళగా ఉన్నావే అన్నాడు భర్త.

నెల తప్పింది. ఆగిపోయే వయసే కదా అనుకుంది.

కూడలిలో వాంతి అయింది. ఎండదెబ్బ అనుకుంది.

పరీక్ష పట్టీ మీద రెండు గీతలు.

సంతోషం గొంతు దాకా వచ్చింది. అక్కడే ఆగింది — ఎదురుగా అద్దం, అద్దం కింద ట్యూబు.

ముఖం కడిగింది. మళ్లీ కడిగింది. సబ్బుతో, గోళ్లతో… నిన్నటిది, మొన్నటిది, ఇన్నాళ్లదీ పోవాలని కడిగింది. భర్త వచ్చి కుళాయి కట్టేసే దాకా కడుగుతూనే ఉంది.

“చర్మంలోంచి ఒంట్లోకి వెళ్లేది చాలా తక్కువమ్మా,” అంది డాక్టరమ్మ. “భయపడాల్సినంత ప్రమాదం లేదు. అసలు లేదని మాత్రం చెప్పలేను. ఇవాళ్టి నుంచి ముట్టుకోకండి.”

అసలు లేదని చెప్పలేను. ఆ ఒక్క మాటే ఆమె వెంట స్కానింగ్ గది దాకా వచ్చింది.

పొట్ట మీద చల్లటి జెల్. తెర మీద బూడిదరంగు మసక. భర్త గోడకు ఆనుకుని నిలబడ్డాడు, ఆమె చెప్పులు చేతిలో పట్టుకుని.

ఉన్నట్టుండి గదినిండా చప్పుడు — వడివడిగా, ఎక్కడికో పరుగెడుతున్నట్టు.

గుండె కొట్టుకుంటోందని చెప్పింది స్కానింగ్ డాక్టరు. అవయవాల సంగతి ఇప్పుడే తెలియదని, ఇంకా కొన్ని వారాలు ఆగాలని చెప్పింది. చప్పుడు ఆపేసింది. తుడుచుకోమని కాగితం ఇచ్చింది.

ఆమె తుడుచుకోలేదు. లేవలేదు.

“ఇంకొక్కసారి వినిపించరా…”